350 అంటే ఎంత?

మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం మా షాపులో ఉన్నవాళ్ళందరం ఒకేసారి తుమ్మాం. నేను, మా మేనల్లుడు, బల్ల అవతల నిలబడ్డ ఇద్దరు కస్టమర్లు, ఆఖరికి నీడకని మెట్ల మీద కూర్చున్న ఆటో ఆయన కూడా. ఎవరో తాలింపులో గుప్పెడు ఎండుమిరపకాయలు మాడ్చినట్టు ఘాటు. కళ్ళు మండిపోతున్నాయి. "షాపుకి దిష్టి తీయించావా ఏంటయ్యా?" అన్నాడు ఒక పెద్దాయన, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని. దిష్టీ లేదు, తాలింపూ లేదు. నేను చేసిందల్లా బ్లోయర్ ఆన్ చేయడం.

మాది గుంటూరు. షాపు చుట్టుగుంట దగ్గర్లో, మిర్చి యార్డుకి వెళ్ళే లారీలు తిరిగే దారిలో ఉంటుంది. సీజన్ మొదలైందంటే టిక్కీల (మిర్చి బస్తాల) మీద టిక్కీలు వేసుకుని పగలూ రాత్రీ బళ్ళు పోతూనే ఉంటాయి. రోడ్డంతా తొడిమలు, తాలుకాయలు, వాటి మీద టైర్లు. ఆ పొడి గాల్లో తేలుతూ ఉంటుంది. ఇక్కడివాళ్ళకి అలవాటే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళే దగ్గుతారు. మాకు అలవాటైంది కదా అని మెషిన్లకి కూడా అలవాటైపోయిందనుకున్నాను. అదే నా తప్పు.

ఫోను రిపేరు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్లోయర్ అని, ఎస్‌ఎండీ మెషిన్ అని, హాట్ ఎయిర్ అని రకరకాలుగా పిలిచే ఈ యంత్రం పని ఒక్కటే: వేడిగాలి సన్నగా ఊది, ఫోన్ లోపలి బోర్డు మీద అతికి ఉన్న ఐసీ, అంటే చిప్పు, కింద టంకం కరిగించడం. చేత్తో పట్టుకునే గొట్టంలో హీటర్ ఉంటుంది. నా దగ్గరున్న 858డీ రకంలో అయితే ఫ్యాను కూడా ఆ హ్యాండిల్లోనే ఉంటుంది. టేబుల్ మీది డబ్బాలో ట్రాన్స్‌ఫార్మరు, చిన్న కంట్రోల్ బోర్డు, ముందువైపు వేడి చూపించే అంకెలు. ఎంత కావాలో సెట్ చేస్తాం, అంకె అక్కడికి రాగానే పని మొదలుపెడతాం. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, ఆ అంకె నిజమా కాదా అని నేను ఏ రోజూ అడగలేదు.

ఆ తుమ్ములకి వారం ముందు ఒక ఫోన్ పాడు చేశాను. ఒక కమీషన్ షాపు గుమాస్తాది. ఛార్జింగ్ ఎక్కట్లేదని తెచ్చాడు. పవర్ ఐసీ మార్చాలని తేలింది. మామూలుగా 350 డిగ్రీల్లో పెట్టి, గాలి మధ్యలో ఉంచి తిప్పుతూ ఊదితే నిమిషం అటూ ఇటూగా ఐసీ కదులుతుంది. ట్వీజర్‌తో మెల్లగా తట్టి చూస్తే టంకం మీద తేలుతున్నట్టు జరిగి మళ్ళీ తన చోటికే వస్తుంది, అప్పుడు లేపాలి. ఆ రోజు రెండు నిమిషాలు ఊదినా ఉలుకూ పలుకూ లేదు. 380 చేశాను. 400. తర్వాత 430. చివరికి ఐసీ అయితే లేచింది గానీ, దాని కింద బోర్డు పూరీలా ఉబ్బింది. పక్కనున్న కనెక్టర్ ప్లాస్టిక్ ముడుచుకుపోయింది.

"ఛార్జింగ్ ఎక్కట్లేదని ఇస్తే, ఇప్పుడు ఫోనే లేదంటున్నావు బాబూ" అన్నాడాయన. గట్టిగా అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. అరవలేదు. ఆయన లెక్కల చీటీల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయట. సెకండ్ హ్యాండ్ ఫోన్ ఒకటి కొనిచ్చాను. ఇంటికెళ్ళి మాత్రం "బోర్డు క్వాలిటీ బాలేదు" అని చెప్పాను. మా పనిలో ఇది పెద్ద సౌకర్యం: తప్పంతా ఎప్పుడూ బోర్డుదే.

తుమ్ముల రోజు సాయంత్రం షట్టర్ సగం దించి, ప్లగ్ పీకి, హ్యాండిల్ విప్పాను. మూడు స్క్రూలు తీసి పై రింగు తిప్పితే ప్లాస్టిక్ రెండు ముక్కలవుతుంది. లోపల చిన్న బ్లోయర్ ఫ్యాను. దాని రెక్కల మధ్య ఎర్రటి పొర, వేలితో తాకితే ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉంది. మొదట కుంకుమ అనుకున్నాను. దసరాకి ఆయుధ పూజ చేసినప్పుడు మావాడు మెషిన్‌కి బొట్టు పెట్టి, హ్యాండిల్ మీద కుంకుమా అక్షింతలూ దండిగానే చల్లాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాక తెలిసింది, కుంకుమ కాదు. కారం. నెలల తరబడి ఫ్యాను లోపలికి లాక్కున్న మిర్చి పొడి, మేం టంకం బాగా పారడానికి పూసే ఫ్లక్స్ పొగలోని జిగురుతో కలిసి రెక్కలకి అట్ట కట్టింది. ఆ మధ్యాహ్నం అందులోంచి ఒక పెళ్ళ ఊడి, ఎర్రగా కాలుతున్న హీటర్ మీద పడింది. అదీ దిష్టి కథ. (అక్షింత ఒకటి కూడా దొరికింది లెండి, నల్లగా మాడి.)

పాత టూత్‌బ్రష్, ఐపీఏ లిక్విడ్ (బోర్డులు తుడిచే ఆల్కహాల్) పెట్టి రెక్క రెక్కా తోమాను. ఆరబెట్టి బిగించేసరికి అరగంట పట్టింది. మర్నాడు పాత డెడ్ బోర్డు ఒకటి తీసుకుని, అలాంటి ఐసీనే 350లో ఊదాను. యాభై సెకన్లలో కదిలింది.

ఆ రోజంతా నాకు వేరే పని మీద మనసు పోలేదు. వారం ముందు కూడా అంకె 350 అనే చూపించింది. అబద్ధమా అంటే కాదు. హీటర్ మూతి దగ్గర ఉన్న సెన్సర్, తన మీదుగా పోయే గాలి ఎంత వేడిగా ఉందో చెబుతుంది. ఎంత గాలి పోతోందో దానికి తెలియదు. సలసల కాగే నీళ్ళే అయినా గరిటెడు పోస్తే బిందెడు చన్నీళ్ళు కాగుతాయా? అలాగే ఇది. ఫ్యాను పూడుకుపోయి గాలి సగం తగ్గింది, బోర్డుకి చేరే వేడీ తగ్గింది. నేనేమో గాలి సంగతి చూడకుండా వేడి పెంచాను. అంత ఎక్కువ వేడిని అంతసేపు సన్నగా ఒకేచోట పెడితే, టంకం కరిగేలోపు బోర్డు పొరలు విడిపోవూ?

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన పనిముట్టు విప్పి బాగుచేసుకోవడాన్ని మనమంతా డబ్బు ఆదా కింద లెక్కేస్తాం. ఆదా దండగ అనిపించగానే మానేస్తాం. కానీ విప్పనివాడికి ఆ అంకె అర్థం తెలియదు. అర్థం తెలియని అంకెతో రోజూ పదిమంది ఫోన్ల మీద పని చేస్తున్నాం.

మా పక్క షాపు తమ్ముడు దీనికి ఒప్పుకోడు. "అన్నా, మూడు వేలు పారేస్తే కొత్తది. నువ్వు సగం పూట దాన్ని తోముతూ కూర్చుంటే రెండు కాంబోలు మార్చే పని పోతుంది" అంటాడు. కాంబో అంటే డిస్‌ప్లే. లెక్క తప్పని నేననను. సీజన్లో గిరాకీ బాగా ఉన్న రోజు, మధ్యాహ్నం మెషిన్ ఆగిపోతే నేను కూడా కొత్తదానికే పరుగెత్తుతాను. ఒకటి అదనంగా పెట్టుకోమని కుర్రాళ్ళకి చెబుతాను కూడా. నా పేచీ పాతది పారేయడంతో కాదు. కొత్తది రాగానే అట్టపెట్టె విప్పి ప్లగ్ పెట్టేయడంతో.

ఎందుకంటే పోయినేడు నేనొకటి కొత్తది కొన్నాను. స్విచ్ ఆఫ్ చేసి, అలవాటు కొద్దీ టెస్టర్ పెడితే లోపల హీటర్ వైరు దగ్గర ఎర్రగా వెలిగింది. స్విచ్చు న్యూట్రల్ వైరులో పెట్టి ఉంది, ఫేజ్ నేరుగా లోపలికి పోతోంది. అంటే మెషిన్ ఆగుతుంది గానీ కరెంటు ఆగదు. ఎర్తు వైరు డబ్బా బాడీకి బిగించి ఉంది, ఆ బిగించిన చోట రంగు గీకలేదు. రంగు మీద నట్టు. మల్టీమీటర్ పెడితే బీప్ రాలేదు, అంటే ఎర్తు బాడీకి తగలనే లేదు. ఇలాంటి మెషిన్‌తో ఐసీ పక్కన గొట్టం పట్టుకుని వంగి పనిచేస్తాం, మన ముక్కు దానికి జానెడు దూరంలో ఉంటుంది. రంగు గీకడానికి, వైర్లు అటూ ఇటూ మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇదే మెషిన్ నాతోపాటు ఇంకెంతమంది కొన్నారో, వాళ్ళలో ఎంతమంది విప్పి చూశారో!

ఇంకోటి గుర్తొచ్చింది, చెప్పకపోతే నిద్ర పట్టదు. గాలి పంపు డబ్బాలోనే ఉండే రకం కూడా ఒకటి ఉంది. బ్రాడీపేటలో మా ఫ్రెండ్ అది కొన్నాడు. ఆన్ చేస్తే పిండిమరలా మోత, టేబుల్ మీద మెషిన్ దానంతటదే నడుస్తోంది. వారం రోజులు చెవుల్లో దూది పెట్టుకుని పని చేశాడు. "జపాన్‌దని చెప్పి అంటగట్టాడు" అని కొట్టువాణ్ణి తిట్టాడు. నేను వెళ్ళి డబ్బా తిరగేసి చూస్తే, అడుగున పంపుని కదలకుండా పట్టి ఉంచే స్క్రూ అలాగే ఉంది. రవాణాలో దెబ్బ తగలకుండా ఫ్యాక్టరీలో బిగిస్తారు, వాడే ముందు తీసేయాలి. తీశాం. పిల్లిలా గుర్రుమంది. వాడు ఇప్పటికీ ఆ విషయం ఎత్తితే మాట మారుస్తాడు.

అంకె గురించి ఇంకొంచెం. మా షాపుకి ఏసీ లేదు, రేకుల కప్పు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గానీ, మధ్యాహ్నం మా బల్ల దగ్గర 42 డిగ్రీలు ఉంటుంది. వేడి కొలిచే సెన్సర్ రెండు రకాల లోహపు తీగల్ని కొసలో కలిపి చేసింది, కె రకం థర్మోకపుల్ అంటారు. ఆ కొస వేడెక్కితే అవతలి కొసల దగ్గర చిటికెడు వోల్టేజీ పుడుతుంది, డిగ్రీకి సుమారు 40 మైక్రోవోల్టులు. అసలు కిటుకు ఏమిటంటే, అది కొలిచేది హీటర్ వేడి కాదు. హీటర్ కొసకీ డబ్బాలోని కొసకీ మధ్య తేడాని మాత్రమే. డబ్బా ఎంత వేడిగా ఉందో వేరేగా చూసి కలుపుకోవాలి. నా మెషిన్ బోర్డంతా వెతికాను, గది వేడిని చూసే సెన్సరేమీ లేదు. గది ఎప్పుడూ 25 డిగ్రీలే అన్నట్టు ఏదో కలిపేసుకుంటోంది. ఎక్కడో చల్లటి ఫ్యాక్టరీలో అది నిజమే కావచ్చు.

బయటి మీటరు ప్రోబు నాజిల్ మూతికి ఎదురుగా సెంటీమీటరు దూరంలో క్లిప్పుతో బిగించి డిసెంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి చూశాను. ఒకే సెట్టింగు, ఒకే గాలి. మే నెలలో పదిహేను, పదహారు డిగ్రీలు ఎక్కువ. 42లోంచి అది అనుకునే 25 తీసేస్తే 17, లెక్కకి దగ్గరగానే వచ్చింది. దీంతో బోర్డు కాలిపోతుందా అంటే పోదు, ఊరికే భయపెట్టను. కానీ ఇప్పటి ఫోన్లలో మనకున్న సందు చిన్నది. పాతకాలం సీసం కలిపిన టంకం 183 డిగ్రీల దగ్గర కరిగేది. 2006 జూలై 1 నుంచి యూరప్‌లో సీసం వాడకూడదన్న రూలు వచ్చాక కంపెనీలన్నీ టిన్ను, వెండి, రాగి కలిపిన దానికి మారాయి. అది 217 దాటితే గానీ మెత్తబడదు. టంకం కరిగే వేడి పైకి జరిగింది గానీ, పక్కనుండే కనెక్టర్ ప్లాస్టిక్ ఓర్పు అంతగా పెరగలేదు. ఆ మధ్య సందులో మన పనంతా. అందులో పదహారు ఎటు పోయాయో తెలిసి ఉండటం మంచిది కదా. మెషిన్ ముందువైపు కాల్ (కాలిబ్రేషన్) అని రాసి ఒక చిన్న కన్నం ఉంటుంది, అంకెని సరిచేయడానికి స్క్రూడ్రైవర్‌తో తిప్పేది. చాలామంది దాన్ని ముట్టుకోరు. నేను సంక్రాంతికి ఒకసారి, ఉగాది వెళ్ళాక ఒకసారి మీటరు పెట్టి సరిచేసుకుంటున్నాను. వేడిగాలికి కూడా కార్తెలు చూసుకోవాల్సొచ్చింది!

భయపెట్టాల్సిన విషయం ఒకటుంది, అక్కడ భయపెడతాను. హీటర్‌కి కరెంటు ఇచ్చి ఆపేది ట్రయాక్ అనే మూడు కాళ్ళ పార్టు. అది పాడైతే చాలాసార్లు షార్ట్ అయిపోతుంది, అంటే ఆపడం మానేస్తుంది. హ్యాండిల్ స్టాండులో ఉన్నా, సెట్టింగు ఎంత తగ్గించినా హీటర్ కాలుతూనే ఉంటుంది. ఒక రాత్రి మా మేనల్లుడు "మావయ్యా, గొట్టం ఎర్రగా ఉందేంటి?" అని అడిగేదాకా నేను చూడలేదు. టీ తాగి వద్దామని అప్పుడే లేవబోతున్నాను. ఆ రాత్రి మా ఇద్దరం టీకి వెళ్ళి ఉంటే పక్క షాపు తమ్ముడితో ఈ వాదనే ఉండేది కాదు, వాడి షాపూ పోయేది.

ఇలాంటిది ముందే పసిగట్టడానికి మన ఎలక్ట్రీషియన్ల సిరీస్ బల్బుని మించింది లేదు. వంద వాట్ల పాత గుండు బల్బు ఒకటి మెషిన్‌తో సిరీస్‌లో, అంటే మెషిన్‌కి పోయే కరెంటు బల్బులోంచే పోయేలా కలిపి, హ్యాండిల్ స్టాండులో ఉంచి స్విచ్ వేయాలి. స్టాండులో అయస్కాంతం ఉంటుంది, హ్యాండిల్లో దాన్ని గుర్తుపట్టే చిన్న స్విచ్చు ఉంటుంది. అక్కడ పెట్టినంతసేపూ హీటర్‌కి కరెంటు పోకూడదు. బల్బు మిణుకుమంటే సరే. వేసీ వేయగానే భగ్గున వెలిగిందా, ట్రయాక్ పోయినట్టే. కొత్త ట్రయాక్, బీటీఏ16 అనేది, ముప్పై రూపాయలు పెట్టి తెచ్చి వేశాను. హీటర్ కూడా చెడిందేమోనని మీటరు పెట్టి చూస్తే 70 ఓములు. 230 వోల్టుల మీద అంటే 750 వాట్లకి కొంచెం పైన, బాగానే ఉన్నట్టు. మూడు వేల మెషిన్, ముప్పై రూపాయల పార్టు. నాకు ఆ మూడు వేల కంటే బల్బు వెలుగు చూసిన అనుభవమే విలువగా తోచింది. ఇప్పుడు ఎవరి మెషిన్ తెచ్చినా ముందు బల్బు పెడతాను.

ఇదంతా చెబుతూ అన్నిటినీ బాగుచేయమని అనను. హీటర్ చుట్టూ కరెంటుకి అడ్డంగా చుట్టిన మైకా రేకు చిరిగిపోయి, సరైన మైకా దొరక్కపోతే ఆ హ్యాండిల్ పారేయండి. కాగితమో టేపో చుట్టి సరిపెట్టొద్దు, కరెంటు నాజిల్‌లోకి వస్తుంది. వేడికి పెళుసెక్కిన వైరు కూడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన వస్తే మీ ఇష్టం. నేనైతే పార్టులు ఊడదీసి ఉంచుకుంటాను.

కానీ ఇలా మెషిన్లు చావడానికి కారణం చాలాసార్లు మన చెయ్యే. పని అవగానే గోడ మీది స్విచ్ బోర్డులో మెయిన్ స్విచ్ టక్కున ఆపేస్తాం. హీటర్ ఇంకా ఎర్రగానే ఉంటుంది, ఊదే గాలి ఆగిపోతుంది, ఆ వేడంతా వెనక్కి ఫ్యాను మీదకి, ప్లాస్టిక్ మీదకి పోతుంది. స్టాండులో పెట్టి వదిలేస్తే వంద డిగ్రీల కిందకి దిగేదాకా ఫ్యాను దానంతటదే తిరిగి ఆగుతుంది. రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ రెండు నిమిషాలు మనకుండవు, రీల్స్ చూడటానికి మాత్రం ఉంటాయి. పని మధ్యలో కరెంటు పోతే నేను హ్యాండిల్‌ని నాజిల్ పైకి ఉండేలా పట్టుకుని నిలబడతాను, వేడి పైకే పోతుంది కాబట్టి. హారతి పట్టుకున్నట్టు ఉంటుందని మా మేనల్లుడు నవ్వుతాడు. నవ్వనీ.

2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో పండగ చేసుకున్నాం. కంపెనీలు మాన్యువల్స్ ఇవ్వాలి, పార్టులు అమ్మాలి, బాగుచేసుకునే హక్కు జనానిది అని పేజీలకి పేజీలు రాశాం. నేనూ రాశాను. అదే గ్రూపులో ఆ మర్నాడే ఒకరు "బ్లోయర్ వేడి రావట్లేదు" అని పెడితే, "కొత్తది తీసుకో బ్రో" అని పదకొండు జవాబులు. ఒక్కరూ మీటరు పెట్టి చూడమనలేదు. నేను కూడా.

కారం పొడి సంగతికి వస్తే, దానికి నా దగ్గర మంచి పరిష్కారం లేదు. గాలి లోపలికి పోయే చోట దోమతెర ముక్క అంటించాను, పొడి అందులోంచి హాయిగా దూరిపోయింది. మాస్కు పొర కట్టాను, పొడి ఆగింది, గాలి కూడా ఆగింది. ఇప్పుడు సీజన్లో పదిహేను రోజులకోసారి పేపర్ పరుచుకుని, విప్పి, తోమి, బిగిస్తున్నాను. అంతకంటే తెలివైన మార్గం ఎవరికైనా తడితే చెప్పండి, చేస్తాను.

పోయిన శనివారం అలా పరుచుకుని కూర్చున్నప్పుడే ఆ గుమాస్తా గారు వచ్చారు. ఈసారి వాళ్ళమ్మాయి ఫోన్, స్పీకర్ మోగట్లేదట. పేపర్ మీద రెండు ముక్కలైన హ్యాండిల్, పళ్ళెంలో స్క్రూలు, నా చేతిలో టూత్‌బ్రష్ చూశారు. "నీ మెషిన్నే నువ్వు రిపేరు చేసుకుంటున్నావు, ఇక మా ఫోన్లేం చేస్తావు బాబూ?" అని, పాత సంగతి కూడా గుర్తొచ్చిందేమో, తల అడ్డంగా ఊపుకుంటూ పక్క షాపుకి వెళ్ళిపోయారు.

నేను ఫ్యాను బిగించి ఆఖరి స్క్రూ తిప్పుతుండగా గోడ అవతల తమ్ముడి బ్లోయర్ ఆన్ అయిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ముందు తమ్ముడు తుమ్మాడు, తర్వాత గుమాస్తా గారు.